కుర్చీలోంచి అయిదుసార్లు

"రేపటి ఎక్సర్‌సైజులు కూడా ఇవాళే చేసేశారా ఆంటీ?"

ఫిజియోథెరపిస్టు మెర్సీ చార్టు తిప్పి చూపించింది. ఆదివారం దాకా టిక్కులే టిక్కులు. బేబి గారు లేసు అల్లడం ఆపి కొడుకు వైపు చూశారు. స్కూలు మాస్టారు జాషువాకి చెవులు ఎర్రబడ్డాయి.

"నేనే పెట్టానండి. ఆపరేషన్ వాయిదా పడుతుందేమోనని..."

"టిక్కులు పెడితే కాళ్లకి బలం వస్తుందా మాస్టారూ? ఆపరేషన్‌కి ఆరు వారాలే ఉన్నాయి. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి అయిదుసార్లు లేస్తేనే మోకాలు మారుస్తానన్నారు డాక్టరు గారు."

"మంచమ్మీద పడుకుని కాళ్లెత్తుతూ కూర్చుంటే నా లేసు ఎవరల్లుతారమ్మా?" అన్నారు బేబి గారు. నరసాపురంలో ఆవిడ చేతి లేసుకి మంచి పేరుంది.

మెర్సీ చార్టు చింపేసింది. అందరికీ ఒకటే కాగితం ఇచ్చి తనే తప్పు చేసింది.

"అయితే అల్లుతూనే చెయ్యండి. పది కుట్లు పడేదాకా ఒక కాలు చాపి ఉంచండి. తర్వాత రెండోది. నొప్పెక్కువైతే ఆరు కుట్లకే దించెయ్యండి."

ఇందాక తనని కడిగేసిన నోరేనా ఇది అనుకుంటూ జాషువా మెర్సీకిచ్చే టీలో పంచదార వెయ్యడం మర్చిపోయాడు. మెర్సీ మొహం చిట్లిస్తూనే మొత్తం తాగింది.

ఆరు శనివారాలు గడిచాయి. బేబి గారి కాళ్లు గట్టిపడ్డాయి గానీ, లేచేటప్పుడు భయంతో చేతులు కుర్చీని వదలడంలేదు.

ఆఖరి రోజు బయట వాన.

"నాకిచ్చిన ఆరు వారాలూ అయిపోయాయి, ఇక నేను రానండి," అంది మెర్సీ, బ్యాగు సర్దుతూ.

"నాక్కూడా మోకాలు నొప్పండి," అన్నాడు జాషువా.

"ఏ మోకాలు?"

"రెండూ."

బేబి గారికి ఒళ్లు మండింది. లేసు పక్కన పడేసి గభాల్న లేచారు. "మీ నాన్నగారి ఫోన్ నంబరు చెప్పమ్మా! వీడు అడిగేదీ లేదు, పాడూ లేదు!"

"ఆంటీ! చేతులు ఆనించలేదు!" మెర్సీ ఎగిరి గంతేసింది. "ఇంకో నాలుగుసార్లు లేవండి. లేచినప్పుడల్లా నంబర్లో రెండంకెలు చెబుతాను."

ఇందాక లేచినదానికి తొంభై ఎనిమిది. రెండోదానికి నలభై. మూడు, నాలుగు కూడా అయ్యాయి. అయిదోసారి బేబి గారు లేచి నిలబడ్డారు. చివరి రెండంకెలు మాత్రం మెర్సీ చెప్పలేదు.

"ఇవి కావాలంటే అడగాల్సినవాళ్లు అడగాలి," అంది, జాషువాని చూస్తూ.

"తొందరగా అడగరా, నిలబడి ఉన్నాను!"

"మెర్సీ గారూ, మీరంటే నాకు చాలా ఇష్టం. పెళ్లి చేసుకుందామా?"

"ముప్ఫై ఆరు," అంది మెర్సీ.