లావినియాకు కట్టిన సమాధి

మా పోల్మెరిక్ ఊరు ఒక పుస్తకం మీద బతుకుతోంది. మా నాన్న కాలంలో చేపల మీద బతికింది. చేపలు పోయాయి, పుస్తకం వచ్చింది. అందులో హత్య ఉంటుంది కానీ చదివేవాళ్ళకు నిద్ర మాత్రం చెడదు. టీ, కేకులు, కిటికీలో పిల్లి, హంతకుణ్ణి పట్టుకునే ఓ ముసలావిడ. చచ్చిపోయేది లావినియా అనే లాడ్జి యజమానురాలు. ఆవిడ టీలో విషం కలుపుతారు. కథంతా మా సముద్రపు ఒడ్డునే జరుగుతుంది కాబట్టి, వేసవి వస్తే చాలు, జనం బస్సుల్లో దిగుతారు.

దిగినవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న, "లావినియా సమాధి ఎక్కడండీ?" పుట్టని మనిషికి సమాధేమిటి? ఉన్నది ఉన్నట్టు చెబితే మొహాలు వేలాడేసుకునేవాళ్ళు. ఊరి కమిటీ పెద్ద కెర్రో చూసి చూసి ఒకటి కట్టించేశాడు. చర్చి ఆవరణలో చోటివ్వడానికి పాదిరిగారు ఒప్పుకోలేదు. "మనిషి లేని గొయ్యి మంచిది కాదయ్యా," అన్నారట. సరే, కొండ కొమ్మున నిజంగానే గొయ్యి తవ్వి, వట్టి మట్టి పూడ్చి, పైన పేరు చెక్కిన రాయి నిలబెట్టారు. జనం అక్కడ పూలు పెట్టి కళ్ళు తుడుచుకుంటారు. మా నాన్న సమాధికి మాత్రం నేను పెట్టే పూలే దిక్కు.

సీజన్ ముగిసే శనివారం మా టీ కొట్టులో ఆ హత్యను ఆడి చూపిస్తాం. లావినియా వేషం మా చెల్లి టామ్సిన్‌ది. అమ్మానాన్నలు పోయాక నాకు మిగిలింది అదొక్కతే. టీ తాగి, కింద పడి, గంట కొట్టేదాకా కదలకుండా పడుకోవాలి. వచ్చినవాళ్ళు హంతకుడెవరో చెప్పాలి. అంతే ఆట.

ఈసారి సాయంత్రానికే సముద్రం మీంచి మంచు కమ్ముకొచ్చింది.

"అక్కా, ఈ గౌను తడి మట్టి వాసనొస్తోంది. అసలు ఉతికావా?" అంది టామ్సిన్.

"నిన్ననే ఉతికానే మహాతల్లీ. ముక్కు మూసుకుని చావు," అన్నాను. ఆ మాటన్నందుకు నా నోరు పడిపోను.

టీ తాగింది. పడింది. కెర్రో గంట కొట్టి, బస్సుల సంగతి చూడ్డానికి బయటికి వెళ్ళాడు. టామ్సిన్ లేవలేదు.

జనం చప్పట్లు కొట్టారు. నేను పక్కన మోకరిల్లి, "చాల్లేవే, లే," అని గుసగుసలాడాను. చెయ్యి పట్టుకున్నాను. చల్లగా ఉంది... ముక్కు దగ్గర వేలు పెట్టాను. ఊపిరి లేదు...

"డాక్టర్ని పిలవండి! ఇది ఆట కాదండీ బాబూ! మా చెల్లి..."

నవ్వారు. పచ్చకోటు పెద్దమనిషి ఒకాయన పక్కావిడతో, "ఈ ఏడుపు నమ్మకండి. ఇలాంటి కథల్లో ఎప్పుడూ సొంతవాళ్ళే చంపుతారు," అన్నాడు. ఆవిడేమో నా చెల్లి తాగిన కప్పు తీసి వాసన చూస్తోంది. ఆయన కాళ్ళు పట్టుకున్నాను. "ఎంత బాగా చేస్తోందో!" అన్నాడు.

ఫోను కోసం లేవబోయాను. అప్పుడు టామ్సిన్ కళ్ళు తెరిచింది.

నాకు ప్రాణం లేచొచ్చింది. గట్టిగా వాటేసుకున్నాను. ఒళ్ళంతా మట్టి వాసన... నన్ను మెల్లగా తోసేసి, గదంతా కలయజూసింది, చాన్నాళ్ళకు సొంతింటికి వచ్చిన మనిషిలా.

"ఎవరమ్మా నువ్వు? కొత్తగా చేరావా? నిలబడతావేం, వచ్చినవాళ్ళకి టీ పొయ్యి."

అది టామ్సిన్ గొంతు కాదు. వయసు మళ్ళిన గొంతు.

"టామ్సిన్... నా తల్లీ... నేనే, అక్కని..."

ఆవిడ నా చెవి దగ్గరికి వంగింది. "ఆ పిల్లా? పాపం... నా చోట్లో పడుకుంది."

కొండ మీదికి పరుగెత్తాను. మంచులో దారి కనబడలేదు. ఉప్పుగాలి, కుళ్ళిన పూల వాసన... రాయి కాలికి తగిలి ఆగాను. చప్పుడు వినబడింది. నా గుండే అనుకున్నాను. కాదు... కింద నుంచి... టక్... టక్...

"అక్కా..."

చేతులతో తవ్వాను. గోళ్ళు విరిగాయి. వెనకాల ఫోన్ల వెలుగులు. జనం నా వెంటే వచ్చారు, ఇది రెండో అంకం అనుకుని.

"ఒక్కరైనా చెయ్యెయ్యండయ్యా! లోపల బతికే ఉంది! మీ పిల్లలు చల్లగా ఉండాలి, ఒక్కరైనా..."

పచ్చకోటాయన పుస్తకం తిరగేశాడు. "ఇది ఇందులో లేదే," అన్నాడు. ఫోటోలు తీసుకున్నారు. చలి పెరిగేసరికి ఒక్కొక్కరే కిందికి, ఆవిడ పోసే టీకి, వెళ్ళిపోయారు. మళ్ళీ చీకటి. దేవుడికి మొక్కానో, దేవుణ్ణి తిట్టానో నాకే తెలియదు. తవ్వుతూనే ఉన్నాను.

మోచేతి లోతున వేళ్ళకు చెక్క తగిలింది. పూడ్చిననాడు నేనక్కడే ఉన్నాను. పెట్టె ఏదీ పెట్టలేదు.

"వచ్చానే టామ్సిన్! నేనొచ్చాను!" చెక్కకు చెవి ఆనించాను.

"అక్కా... ఇరుగ్గా ఉంది... తొందరగా..."

"తీస్తున్నా... తీస్తున్నానమ్మా..."

లోపల బట్ట రాసుకుంటున్న చప్పుడు...

"అక్కా," అంది, ఈసారి ఇంకా మెల్లగా. "పక్కకి జరగమంటున్నారు... ఇంకెవరికో చోటు కావాలట."