రవికిరణ్ తీసేయలేనిది

వాన తప్పించుకోవడానికి సంహిత నాంపల్లిలోని ఆ గ్యాలరీలోకి దూరింది. లోపలంతా తెల్లటి గోడలు, వాటి మీద తెల్లటి కాన్వాసులు.

"బొమ్మలింకా పెట్టలేదా?" అని అక్కడ నిలబడ్డ యువకుణ్ణి అడిగింది.

"మీరు చూస్తున్నది బొమ్మేనండి," అన్నాడు రవికిరణ్. గీసింది అతనే.

దగ్గరికి వెళ్తే సన్నటి బూడిదరంగు గీత ఒకటి కనిపించింది. ఆ పక్కనే ఒక కళా విమర్శకుడు కళ్లు మూసుకుని మరీ దాన్ని ఆస్వాదిస్తున్నాడు. "విశ్వశూన్యంలో మానవుడి మూగరోదన," అని నిట్టూర్చాడు.

"నాకైతే గోడ మూల లెక్క కనిపిస్తుంది," అంది సంహిత. "పొద్దున ఎండ ఒక దిక్కే పడితే గిట్లనే ఉంటది."

రవికిరణ్ ఉలిక్కిపడ్డాడు. అది నిజంగా గోడ మూలే. ఆర్కిటెక్చర్ చదివిన అతనికి గోడలూ వెలుతురూ తప్ప మరేవీ గీయబుద్ధి కాదు. మొదట్లో ఇళ్లే కట్టబోయాడు. అనవసరమైనవి తీసేస్తూ పోయి, ఒకరింటి వంటింట్లో అలమరాలు కూడా తీసేశాడు. ఆ ఇంటావిడ అతన్నే తీసేసింది.

"జర మెల్లగ అనండి. ఆ రోదన మీద సార్ పెద్ద వ్యాసమే రాసిన్రు," అన్నాడు.

సంహిత పకపకా నవ్వింది. బయట వాన వెలిసింది. ఇద్దరూ గమనించనట్టే నిలబడ్డారు.

ఆమె ఆబిడ్స్‌లోని ఒక స్కూల్లో లెక్కల టీచరు. స్కూలు వదిలాక ఇద్దరూ ఇరానీ హోటల్లో కలుసుకోసాగారు. మాటలన్నీ ఆమెవే.

"నువ్వేం చెప్పవా?" అందొకరోజు.

"ఎక్కువ చెప్తే అందం పోతది."

"ఖాళీలు కాన్వాసు మీద పెట్టుకో, నా ముంగట కాదు. మా నాయన సంబంధాలు చూస్తుండు. చెప్పేదుంటే ఇంటికొచ్చి చెప్పు."

సంహిత తండ్రి ఇంద్రసేనది బేగం బజార్‌లో స్టీలు సామాన్ల దుకాణం. ఇల్లు కూడా దుకాణంలాగే ఉంది. సోఫాలో సగం టిఫిన్ డబ్బాలదే. సంబంధం అడగడానికి వచ్చిన రవికిరణ్ మిగతా సగంలో సర్దుకున్నాడు.

"ఏం పని చేస్తవ్ బాబూ?"

"పెయింటర్ని అంకుల్. అక్కరలేనివన్నీ తీసేస్త."

"రేపు మా పిల్లను గూడ తీసేస్తవా?"

చాయ్ తెస్తున్న సంహిత గడపలోనే ఆగిపోయింది. రవికిరణ్‌కు తన మౌనం మొదటిసారి అందవికారంగా తోచింది.

"లేదంకుల్. నా రూంల ఒక్కటే కుర్చీ ఉండె. సంహిత వచ్చి కూసుంటదని రెండోది కొన్న. ఆమె రాని రోజు గా ఖాళీ కుర్చీని చూస్తే కుంచె పట్టబుద్ధి కాదు. ఆమె గలగల మాట్లాడుతుంటేనే నాకు మంచిగుంటది. ఆమె అంటే నాకిష్టం. మీరొప్పుకుంటే పెండ్లి చేసుకుంట."

ఇంద్రసేన కూతురి మొహం చూశాడు. అడగాల్సిన ప్రశ్నకు అక్కడే జవాబు దొరికింది.

"రెండే కుర్చీలా?" అన్నాడు కాబోయే అల్లుడి వైపు తిరిగి. "ఐతారం మేమంతా నీ రూం చూడనీకొస్తం. గాడ ఏడ కూసోవాలె?"