గీత దాటిన ఆయిలు

కోట ఊరు దాటి సముద్రం వైపు పోతే, రొయ్యల గుంటల చివర ఒక ఇంజను షెడ్డుంది. పొద్దుగూకితే అటు కన్నెత్తి చూసేవాళ్లు లేరు. పోయిన ఏడు ఆ ఇంజను చూసుకునే పెంచల్ అక్కడే చచ్చిపోయినాడు. డీజిల్ కట్టేసినా ఇంజను ఆగలేదంట... చక్రం పగిలి, ముక్క వచ్చి ఆయన గుండెల్లో దిగిందంట.

కొత్త చక్రం వేసి మళ్లీ అదే ఇంజను పెట్టినారు. చెంగయ్య అక్కడ కాపలాకి చేరినాడంటే వేరే పని దొరక్కే.

భయం కొద్దీ ఆయన, రొయ్యల కొత్త పంట మొదలుపెట్టే రోజు ఇంజనుకి పసుపు కుంకుమ పెట్టి, టెంకాయ కొట్టినాడు. పూజ నాడు ఏదీ వెలితిగా ఉండకూడదని, ఆయిలు కొలిచే కడ్డీ మీద గీత దాటిందాకా ఇంజనాయిలు పోసినాడు.

ఆ రాత్రే రెండు గంటలప్పుడు కరెంటు పోయింది. గుంటలో నీళ్లు చిలికే రెక్కలు ఆగితే రొయ్యలకి గాలి అందదు. షెడ్డు మూల, ఇంజను వెనక మంచంలో భార్య అంకాలమ్మ జొరంతో పడుకోనుంది. చెంగయ్య దణ్ణం పెట్టుకొని హ్యాండిలు తిప్పినాడు. ఇంజను అందుకుంది.

పావుగంట బాగానే తిరిగింది. ఆ తర్వాత... శబ్దం మారింది.

డుగుడుగుమనేది కాస్తా రయ్యిమని అరవబట్టింది. షెడ్డంతా పొగ కమ్ముకుంది. ఉరికిపోయి డీజిల్ కట్టేసినాడు. ఆగలేదు — ఇంకా వేగం ఎత్తుకుంది.

"పెంచలన్నా... వద్దన్నా..." అన్నాడు.

"ఏమయ్యా... నన్ను లేపయ్యా," అంది మంచం మీంచి అంకాలమ్మ.

ఆమె దగ్గరికి పోవాలంటే తిరిగే బెల్టు పక్కగానే పోవాలి. చెంగయ్యకి కాళ్లు ఆడలేదు. ఆడినప్పుడు బయటికే పరిగెత్తినాయి. ఆయన్ని తిట్టబాకండి, ఆ శబ్దం మనం వినలేదు.

గట్టు మీద బోర్లా పడి చెవులు మూసుకున్నాడు. పెళ్లాన్ని వదిలేసి వచ్చినానే అని ఏడ్చినాడు. అయినా లేవలేకపోయినాడు.

ఉన్నట్టుండి... ఇంజను ఆగిపోయింది.

కాసేపటికి కరెంటు వచ్చింది. లోపలికి పోయి చూస్తే అంకాలమ్మ దగ్గుతా కూర్చోనుంది.

తెల్లారి మెకానిక్ ఫ్రెడ్డీ వచ్చినాడు. ఇంజను గాలి పీల్చే గొట్టంలోంచి మసి పట్టిన తువ్వాలొకటి బయటికి లాగినాడు.

"దెయ్యం కాదు చెంగయ్యన్నా. డీజిల్ ఇంజనుకి నిప్పు పెట్టే పని లేదు. లోపల గాలిని గట్టిగా నొక్కితే ఆ వేడికే నూనె మండుద్ది. నువ్వు గీత దాటించి పోసినావు, ఆ ఆయిలు పొంగి గాలితో పాటు లోపలికి పోయింది. డీజిల్ కట్టేస్తే ఏం లాభం, దాని ఆయిలు అదే తాగి పరిగెత్తింది. గాలి మూస్తేనే ఆగేది. ఈ తువ్వాలు కుక్కి మంచి పని చేసినావు, లేకుంటే మళ్లీ చక్రం పగిలేది."

చెంగయ్య తలొంచుకున్నాడు.

"పొగలో నీ మొహం కనపళ్లా," అంది అంకాలమ్మ మెల్లిగా. "గొట్టంలో తువ్వాలు కుక్కేది మాత్రం చూసినా. నన్ను వదిలేసి పోయినావనుకున్నా కదయ్యా, పాపిష్టిదాన్ని."

ఆమెకి కళ్లల్లో నీళ్లు తిరిగినాయి. తుడుచుకుందామని ఆయన భుజం మీదున్న, ఆయనకుండే ఒకే ఒక్క తువ్వాలు కొస అందుకుంది.

అందుకొని... అట్టే ఆగిపోయింది.