వాన ఊరికి సర్దిన పెట్టె

ఆ ఇంట్లో తెల్లవారడమంటే కింద ఇస్త్రీ బల్ల మీద ఆవిరి లేవడమే. కింద లాండ్రీ, పైన కాపురం. ముప్ఫై ఏళ్ళుగా ఆ వీధి మురికంతా అత్తగారి చేతుల మీదుగానే వదులుతోంది. వీధిలో అందరూ ఆవిడను లాండ్రీ అమ్మ అంటారు. ఏ గుడ్డ ఎంతసేపట్లో ఆరుతుందో, ఏ మరకకు ఏది మందో ఆవిడకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. ఆ సంగతి ఆవిడ ఎవరినీ మరిచిపోనివ్వదు కూడా.

ఆ రోజు మూడు గంటల రైలుకు కొడుకూ కోడలూ సముద్రం ఒడ్డున ఉన్న ఊరికి బయల్దేరుతున్నారు. నాలుగు రోజులు. పెళ్ళయిన మూడేళ్ళలో ఇద్దరూ కలిసి ఎక్కడికైనా వెళ్ళడం ఇదే మొదలు. పేరుకు వసంతకాలమే గానీ, ఆ ఊళ్ళో ఈ రోజుల్లో పొద్దున ఎండ, మధ్యాహ్నం వాన, సాయంత్రం ఈదురుగాలి. కోడలు మందుల షాపులో పనిచేస్తుంది. నోట్లో నాలుక లేదనిపించేంత నెమ్మదస్తురాలు, పద్ధతి మాత్రం గట్టిది. ఏమేం తీసుకెళ్ళాలో వారం ముందే కాగితం మీద రాసి పెట్టె మూతకు అంటించింది. ఆ కాగితం చూసిన దగ్గర్నుంచీ అత్తగారికి చేతులు ఊరుకోలేదు.

ముందురోజు సాయంత్రం కోడలు షాపు నుంచి రాకముందే ఆవిడ పెట్టె తెరిచింది. జీన్స్ రెండూ తీసేసింది. అవి ఒకసారి తడిస్తే రెండు రోజులకు గానీ ఆరవు, నడుముకు రాయి కట్టుకున్నట్టే. వాటి బదులు గంటలో ఆరిపోయే పలచటి ప్యాంట్లు పెట్టింది. సముద్రపు గాలికి గొడుగు తిరగబడటం తప్ప ఇంకే పనికీ రాదని కొడుకు పెట్టినదాన్ని మూల పడేసింది. లావు స్వెటరు ఒకటి తీసి, ఒకదాని మీద ఒకటి తొడుక్కునేలా పలచటివి మూడు సర్దింది. ఊలు మేజోళ్ళు, మార్చుకోవడానికి రెండో జత బూట్లు, తడిసిన బూట్లలో కుక్కడానికి పాత పేపర్లు. ఇంత చేసినా మనసు నిండక పెట్టె అడుగు కూడా చూసింది. అక్కడ రెండు ముళ్ళు వేసిన కవరులో ఆకుపచ్చ ఊలు స్కార్ఫ్ ఒకటి కనిపించింది.

అంచున రూపాయి బిళ్ళంత గోధుమరంగు మరక. మాసిన వాసన. ప్రయాణానికి మాసిన గుడ్డ పెట్టుకునే పిచ్చిపిల్ల అని నవ్వుకుంది. కోడలు చూసి ఆశ్చర్యపోవాలని దాన్ని కిందికి తీసుకుపోయి, ఊలు ముడుచుకుపోకుండా చన్నీళ్ళలో, షాంపూతో, చంటిపిల్లకు స్నానం చేయించినంత మెత్తగా ఉతికింది. తువ్వాలు మీద పరిచి ఫ్యాను కింద ఆరబెట్టింది. తెల్లవారగానే ఆవిరి పట్టి, మడతపెట్టి, అలవాటు కొద్దీ చీటీ కూడా గుచ్చింది. బయటివాళ్ళ బట్టల చీటీ మీద నంబరుంటుంది. ఇంటివాళ్ళ బట్టలకు నంబరుండదు, "ఇల్లు" అని రాస్తుంది. ఆ చీటీతోనే దాన్ని తీసుకెళ్ళి పెట్టెలో అన్నిటికన్నా పైన, కంటికి కనబడేలా పెట్టింది.

పొద్దున టీ తాగుతూ కొడుకు షాపు తలుపు వెనక కొక్కేనికి వేలాడుతున్న పాత వానకోటు వైపు చూశాడు. అది వాళ్ళ నాన్నది. ఆయన పోస్ట్‌మన్‌గా చేసేవాడు, పోయి పదకొండేళ్ళయింది.

"అమ్మా, నాన్న కోటు పట్టుకెళ్తానే. అందులోకి చుక్క నీరు దిగదు" అన్నాడు.

"దాని జోలికి వెళ్ళకు" అంది ఆవిడ, ఇస్త్రీ పెట్టె మీంచి చూపు తిప్పకుండా.

ఆ కోటు జోలికి వెళ్ళకూడదని ఆ ఇంట్లో పిల్లికి కూడా తెలుసు. వీధి మొత్తం ఉతికే మనిషి ఆ ఒక్క కోటునూ పదకొండేళ్ళుగా ఉతకలేదు. ఎందుకని అడిగే ధైర్యం ఎవరూ చేయలేదు.

కోడలు సగం పూట డ్యూటీ చేసి పదకొండింటికి వచ్చింది. పైకి వెళ్ళి పెట్టె తెరిచిన చప్పుడు కిందికి వినిపించింది. మెప్పు వినడానికి అత్తగారు చేతులు తుడుచుకుంటూ మెట్లెక్కింది. కోడలు మంచం పక్కన నిలబడి ఉంది. చేతిలో స్కార్ఫ్, దానికి వేలాడుతూ చీటీ.

"ఇది ఎవరు ఉతికారు?"

"ఇంకెవరు, నేనే. ఆ అంచు చూడు, మరక ఎక్కడుండేదో కనుక్కో చూద్దాం. దగ్గు మందు మరక, మహా మొండిది. దాంతో నలభై నిమిషాలు కూర్చున్నాను."

కోడలు స్కార్ఫ్‌ను ముఖానికి ఆనించుకుంది. రెండో కొస తిప్పి మళ్ళీ ఆనించుకుంది. మడత విప్పి నడిమి భాగాన్ని కూడా వాసన చూసింది. తర్వాత మంచం అంచున కూలబడింది.

"ఇందులో మా అమ్మ ఉంది అత్తయ్యా" అంది. "పోయినేడు ఆసుపత్రిలో చివరి రోజు దాకా మెడకు ఇదే చుట్టుకుంది. అందుకే ఉతకలేదు. నెలకోసారి విప్పి, ఒక్కసారి వాసన చూసి మళ్ళీ ముడేసేదాన్ని. ఎక్కువసార్లు విప్పితే అయిపోతుందని భయం."

అత్తగారికి గుండె ఝల్లుమంది. కానీ ఆవిడ గుండెకూ నోటికీ ఏనాడూ పొత్తు కుదరలేదు. నోరే ముందు కదిలింది.

"నాకేమైనా కలొచ్చిందా? మాసిన గుడ్డ కనిపిస్తే ఉతకడం తప్ప ఇంకో విద్య రాదు నాకు. ఒక్క మాట చెప్పి ఉంటే ముట్టుకునేదాన్నా?"

"మీరు అడిగారా?" కోడలి గొంతు పెరగలేదు, అదే ఇంకా భయపెట్టింది. "అమ్మను సాగనంపి వచ్చిన రోజు గుమ్మంలోనే మీరు నన్ను ఒక్క మాట అడిగారు. ఆసుపత్రి బట్టలు విడిగా పెట్టావా అని. అంతే. ఈ ఏడాదిలో మళ్ళీ అమ్మ ఊసే ఎత్తలేదు."

ఆ మాటకు కొడుకు లోపలికి వచ్చాడు. అడకత్తెరలో పోకచెక్క బతుకు వాడిది. కాసేపు నీళ్ళు నమిలి, అమ్మ కావాలని చేసిందా, ఊరుకోమని భార్యతో అన్నాడు. ఊరుకుని ఉంటే బాగుండేది. కోడలు లేచి పెట్టెలోవన్నీ ఒక్కొక్కటే తీసి మంచం మీద పెట్టడం మొదలుపెట్టింది. పలచటి ప్యాంట్లు, మేజోళ్ళు, బూట్లు, పేపర్లు. అవన్నీ అత్తగారు సర్దినవే. ఆ పెట్టెలో కోడలు తనకు తానుగా సర్దుకున్నది దాదాపు ఏమీ మిగల్లేదని ఆవిడకు అప్పుడే తెలిసింది.

"నేను రావడం లేదు. వెళ్తే నువ్వెళ్ళు" అంది కోడలు మొగుడితో. "వచ్చాక వేరే ఇల్లు చూసుకుందాం. నేను మూత వేస్తే ఇంకెవరూ తీయని పెట్టె ఒకటి ఉండాలి నాకు."

అత్తగారు మారు మాట్లాడకుండా మెట్లు దిగింది. ఆ ఇంటి గోడలు కూడా అలాంటిది ఎన్నడూ చూసి ఉండవు.

కింద ఇస్త్రీ పెట్టె కాగుతూనే ఉంది. ఎవరివో చొక్కాలు పన్నెండు సాయంత్రానికి ఇవ్వాలి. ఒక్కటి కూడా చేతికి రాలేదు. కోడలు అన్నదాంట్లో అబద్ధమేముంది? ఆ రోజు గుమ్మంలో నిలబడ్డ పిల్లను దగ్గరికి తీసుకోవాలనే అనిపించింది ఆవిడకు. ఎలా తీసుకోవాలో తెలియలేదు. అందుకే బట్టల సంగతి అడిగింది. ఆసుపత్రి నుంచి తెచ్చిన మూటలన్నీ ఆ సాయంత్రమే తానే ఉతికింది, ఒక్కటీ ఆ పిల్ల చేత ముట్టించలేదు. తన లెక్కలో అదే ఓదార్పు. ఆ లెక్క ఎదుటివాళ్ళకు అర్థమవుతుందో లేదో ఏనాడూ ఆలోచించలేదు. ఇప్పుడు కొడుకు సంసారం గడప దాటి పోబోతోంది. ఆ పిల్ల దాచుకున్న ఒక్క వాసనా తన చేతుల్లోనే షాంపూ నీళ్ళలో కలిసి మోరీలోకి పోయింది. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం?

తలుపు దగ్గరికి వెళ్ళింది. కొక్కేనికి ఉన్న కోటులో ముఖం పెట్టింది. సబ్బు వాసన, ఆవిరి వాసన. షాపు వాసన. పదకొండేళ్ళలో ఎన్నిసార్లు పెట్టి ఉంటుందో ఆ ముఖం. ఆవిడ అక్కడే నిలబడి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చింది. తర్వాత కొక్కెం మీంచి కోటు తీసింది.

పైన కోడలు ఇంకా మంచం మీదే కూర్చుని ఉంది. కొడుకు కిటికీ దగ్గర గోళ్ళు కొరుకుతున్నాడు. అత్తగారు కోటును కోడలి ఒళ్ళో పెట్టింది.

"వాసన చూడు" అంది.

కోడలు అర్థంకాక చూసింది, తర్వాత కాలరు దగ్గర ముఖం ఆనించింది. "సబ్బు వాసనే వస్తోంది" అంది.

"మీ మామయ్య వాసన రెండో ఏడే పోయింది. నేనే ఎవరికీ చెప్పలేదు. ఉతికితే పోతుందని చెప్పుకుంటూ ఉతక్కుండా ఉంచాను, పోయిందని ఒప్పుకోవాల్సి వస్తుందని. నీకు ఇంకా ఉండింది. అది నేను పోగొట్టాను. తప్పు చేశానమ్మా. నీ పెట్టె తెరవడం తప్పు, నిన్ను అడక్కపోవడం ఇంకా పెద్ద తప్పు."

కొడుకు గోళ్ళు కొరకడం ఆపేశాడు. తల్లి నోట తప్పు అనే మాట వాడు పుట్టాక వినలేదు.

అత్తగారు నేల మీదే కూర్చుంది, మోకాళ్ళు నొప్పి అని కూడా అనకుండా. "ఇప్పుడు అడుగుతున్నాను" అంది. "మీ అమ్మ ఎలా ఉండేది?"

కోడలు స్కార్ఫ్ అంచు వేలికి చుట్టుకుంటూ చెప్పింది. అమ్మ టైపిస్టుగా ఉండేది. పెళ్ళికి ముందు ఆఫీసు పని మీద ఒక్కసారి, ఇదే రోజుల్లో, ఆ సముద్రపు ఊరికి వెళ్ళింది. నాలుగు రోజులూ వానే. మొదటి రోజే గొడుగు గాలికి తిరగబడి పాడైపోతే, చలికి ఆగలేక అక్కడే ఒక అంగట్లో ఈ స్కార్ఫ్ కొనుక్కుంది. సముద్రం గట్టు మీద ఆ చివర్నుంచి ఈ చివరికి తడుస్తూ నడిచిందట. జన్మంతా అదే చెప్పేది, మనిద్దరం వెళ్దామే, గొడుగు మాత్రం వద్దు అని. సెలవు దొరికేసరికి అమ్మ ఆసుపత్రిలో ఉంది.

"గొడుగు వద్దని నేనూ తీసేశానుగా" అంది అత్తగారు కళ్ళు తుడుచుకుంటూ.

కోడలికి నవ్వు వచ్చింది. ఆ నవ్వు మధ్యలోనే ఏడుపైంది. అత్తగారు ఈసారి ఏ బట్టల సంగతీ అడగలేదు. పిల్ల తలను భుజానికి ఆనించుకుని అలాగే కూర్చుంది.

కాసేపటికి కోడలు పెట్టె తనే సర్దుకుంది. పలచటి ప్యాంట్లు ఉంచింది, పేపర్లు ఉంచింది. జీన్స్ ఒకటి పట్టుబట్టి పెట్టుకుంది. అత్తగారు చూసి కూడా పెదవి విప్పలేదు, అందుకు ఆవిడ ఎంత కష్టపడిందో ముఖం మీదే తెలిసింది. బయల్దేరేముందు కోటు తీసి కోడలికి తానే తొడిగింది. చేతులు జానెడు పొడవైతే మడిచి పిన్నులు పెట్టింది.

"అత్తయ్యా, తడిసిపోతుంది ఇది" అంది కోడలు భయంగా.

"తడవనీ. వానకోటు తడవకపోతే ఇంకేం చేస్తుంది?"

నాలుగు రోజులు ఆ కొక్కెం ఖాళీగా ఉంది. షాపుకు వచ్చినవాళ్ళంతా కోటేదని అడిగారు. ఊరెళ్ళిందని అత్తగారు చెప్పింది.

ఐదో రోజు పొద్దున ఇద్దరూ దిగారు. కోడలి మెడలో ఆకుపచ్చ స్కార్ఫ్, చీటీ ఇంకా దానికే ఉంది. కోటు అంచు పొడవునా సముద్రపు ఉప్పు తెల్లగా చారలు కట్టింది. గట్టు మీద ఈ చివర్నుంచి ఆ చివరికి రెండుసార్లు నడిచానని, రెండోసారి అమ్మతో మాట్లాడుకుంటూ నడిచానని కోడలు చెప్పింది. ఆ తర్వాత కోటు విప్పి రెండు చేతులతో చాచి పట్టుకుంది.

"ఉతుకుతారా అత్తయ్యా?"

ఆ ఉప్పు చారలు పోగొట్టడం లాండ్రీ అమ్మకు ఎడమ చేతి పని. ఆవిడ కోటు అందుకుని కాలరు దగ్గర ముఖం పెట్టింది. సబ్బు వాసన లేదు. ఉప్పు, వాన, కోడలు తలకు రాసుకునే నూనె.

"వద్దులే" అంది. "అలాగే తగిలించు."