అప్పన్న ముడుపు, ఆదివారం బడి

ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపు సైరన్ రెండోసారి కూసేసరికి తవిటయ్య సైకిలెక్కాడు. వెనక కట్టిన టిఫిను డబ్బా గతుకు మీద ఒకసారి గలగలమంది. భార్య అప్పలనర్సమ్మ గుమ్మంలో నిలబడి, హ్యాండిల్ పట్టుకున్న అతని కుడిచేతినే చూసింది. సైకిలు క్వార్టర్ల వరస దాటి మలుపు తిరిగేదాకా అలా చూడటం ఆమెకు అలవాటు. అది కూడా ఒక దణ్ణం లాంటిదే.

మూడేళ్ల కిందట వర్క్‌షాపులోని చక్రాల షాపులో ఆ చెయ్యి నలిగిపోయింది. మణికట్టు దాకా తీసెయ్యాల్సి రావచ్చని డాక్టరు అన్నాడు. ఆసుపత్రి వరండాలో కూలబడి ఆమె సింహాద్రి అప్పన్నకి మొక్కుకుంది. చెయ్యి దక్కితే జీతం జీతానికీ ఒక రూపాయి బిళ్ళ పసుపు గుడ్డలో ముడి వేసి, మూడేళ్లూ నిండాక చందనోత్సవం నాడు కొండకి తెచ్చి ఇస్తానంది. చెయ్యి దక్కింది. వేళ్లు కొంచెం వంకరపోయినా స్పానరు పట్టుకుంటున్నాయి. ఆమె మాట తప్పలేదు. బియ్యం డబ్బా అడుగంటిన నెలలో కూడా ముందు ముడి పడింది, తర్వాతే పొయ్యి వెలిగింది.

ఇప్పుడు ఆ గడువు వచ్చింది. రైల్వే పాసు చేతికందింది. టెక్కలి దగ్గర పల్లె నుంచి అత్త జోగమ్మ కూడా వచ్చి ఉంది. వచ్చే వారం అందరూ కలిసి మద్రాసు మెయిలెక్కి వాల్తేరులో దిగాలి. ముడుపుకి ఒకసారి ధూపం వేద్దామని అప్పలనర్సమ్మ స్నానం చేసి, దేవుడి గూటిలోని ఇత్తడి చెంబు దించింది.

చెంబు తేలిగ్గా ఉంది.

లోపల పసుపు గుడ్డ ఉంది. ముళ్లన్నీ విప్పి, ముడతలు సాపుచేసి, నాలుగు మడతలుగా పెట్టి ఉంది. రూపాయలు లేవు.

కూతురు హైమవతి అప్పుడే జడ వేసుకుంటూ వచ్చింది. ఎనిమిదో తరగతి చదివే పిల్ల. తల్లి చేతిలో చెంబు చూసి భయపడలేదు సరికదా, మొహం వెలిగించుకుని దగ్గరకొచ్చింది.

"నేనే తీసినానమ్మా. మొన్న పోస్టాఫీసులో ఏసినాను. నీకు యాత్ర రోజున సెబుదామనుకున్నాను."

"ఏటి సేసినావు?"

"కుండలో డబ్బు నిద్దరపోతాదట. పోస్టాఫీసులో ఏస్తే పని సేస్తాదట. ఆదివారం బడిలో మాస్టారు సెప్పినారు. మనందరి డబ్బూ పని సేస్తంటే, అప్పన్న డబ్బు ఒక్కటీ ఎందుకు నిద్దరపోవాలమ్మా?"

అప్పలనర్సమ్మ కూతురి మీద చెయ్యెత్తింది. ఎత్తిన చెయ్యి దించేసి, ఆ ఖాళీ గుడ్డని గుండెకి హత్తుకుని కూలబడి ఏడ్చింది. హైమ ఆ ఏడుపు ఎందుకో తెలియక, తానూ పక్కన కూర్చుని ఏడ్చింది. వాకిట్లో చుట్ట నిప్పు నోట్లో పెట్టుకుని అడ్డపొగ పీలుస్తున్న జోగమ్మ తొంగిచూసి వెనక్కి తగ్గింది. కోడలు కోపంలో ఉన్నప్పుడు అత్త నోరు తెరిస్తే ఆ కోపం దారి తప్పుతుందని ఆమెకు తెలుసు.

ఆదివారం బడి అంటే అసలు బడి కాదు. రిటైరైన గార్డు జ్ఞానప్రకాశం, టెలిఫోను ఎక్స్‌ఛేంజిలో పనిచేసే ఎమిలీ, మరో ఇద్దరు ముగ్గురు కలిసి పెట్టుకున్న చిన్న సంఘం. తెలుగు బడిలో ఒక గది అడిగి తీసుకున్నారు. ఫీజు లేదు. హిందువుల పిల్లలని, క్రైస్తవుల పిల్లలని తేడా లేదు. జీతం చీటీ ఎలా చదవాలి, ఖాళీ కాగితం మీద ఎందుకు సంతకం పెట్టకూడదు, ఉద్యోగానికి అర్జీ ఎలా రాయాలి, పెద్ద కుర్చీలో కూర్చున్నవాడి ముందు తల వంచుకోకుండా ఎలా మాట్లాడాలి, ఇవీ అక్కడి పాఠాలు. ఒక వారం సిగ్నల్ కేబిన్ చూపిస్తారు, ఒక వారం అచ్చాఫీసు చూపిస్తారు. వర్క్‌షాపులో పుట్టి పెరిగిన పిల్లలకి వర్క్‌షాపు కాకుండా ఇంకా ఎన్ని పనులు ఉన్నాయో అక్కడే తెలిసింది.

అప్పలనర్సమ్మకి ఆ బడి అంటే ఎంతో గౌరవం. మొదటిసారి హైమ తండ్రి జీతం చీటీ పట్టుకుని ఏ కోత దేనికో చదివి చెప్పిన రోజు, తవిటయ్య కళ్లు తుడుచుకోవడం ఆమె చూసింది. ఇన్నేళ్లూ ఇచ్చింది తీసుకుని వేలిముద్ర వేసి వచ్చేశాను గానీ ఇది ఫలానా అని ఒక్కరూ చెప్పలేదు, అని అతను అన్నాడు. ఎమిలీలాగా ఎక్స్‌ఛేంజిలో కూర్చుని ఊళ్లకి ఊళ్లు కలుపుతానని హైమ అంటే, తల్లి నవ్వి ఊరుకుందే తప్ప కాదనలేదు.

అలాంటి బడి ఇలాంటి పని చేసింది. అదే ఆమెను ఎక్కువ కాల్చింది.

సాయంత్రం తవిటయ్య రాగానే చెప్పింది. అతను ముందు తెల్లబోయాడు, తర్వాత నెమ్మదిగా, డబ్బు ఎక్కడికీ పోలేదు కదా, మళ్లీ తీసి ముడి కడదామన్నాడు. అప్పలనర్సమ్మ ఒప్పుకోలేదు.

"ఆ రూపాయలు వస్తాయేటి? ముడి ముడికీ నీ సెయ్యి తలుసుకుని ఏసినాను. అప్పన్న సూసిన రూపాయలవి. ఇప్పుడు ఏ సారా కొట్టువాడి రూపాయో, ఏ పేకాటోడి రూపాయో తెచ్చి ఆయన కాళ్లకాడ ఎట్టమంటావా? మొక్కు సెడిపోతే నీ సెయ్యి..."

తవిటయ్య తన వంకర వేళ్లవైపు చూసుకున్నాడు. హైమ ఇక ఆదివారం బడి గుమ్మం తొక్కేది లేదని ఆ పూటే తేల్చేసింది తల్లి. పిల్ల ఎదురు చెప్పలేదు. ఎదురు చెప్పి ఉంటే బాగుండునని తర్వాత తల్లికే అనిపించింది. అన్నం ముందు అలా నోరు మూసుకుని కూర్చున్న కూతుర్ని ఆమె ఎప్పుడూ చూడలేదు.

మర్నాడు ఆదివారం. హైమని ఇంట్లోనే ఉంచి, అప్పలనర్సమ్మ ఒక్కతే తెలుగు బడికి బయలుదేరింది. దారి పొడుగునా అనాల్సిన మాటలు కూడదీసుకుంది.

గదిలో ఎమిలీ పాఠం చెబుతోంది. రెండేసి ఖాళీ డబ్బాలకి దారం కట్టి, పిల్లల్ని గదికి ఆ చివర ఒకరు, ఈ చివర ఒకరుగా కూర్చోబెట్టింది. ముక్కూమొహం తెలియని మనిషితో ఫోనులో మర్యాదగా ఎలా మాట్లాడాలో నేర్పుతోంది. అందరి దారాలూ బిగుతుగా ఉన్నాయి. ఒక్క దారం మాత్రం నేల మీద వదులుగా పడి ఉంది. దాని ఈ చివర ఒక పిల్ల డబ్బా పట్టుకుని గుమ్మం వైపు చూస్తోంది. ఆ చివర బెంచీ ఖాళీ. అది ఎవరి చోటో అడగాల్సిన పని లేకపోయింది.

జ్ఞానప్రకాశం లేచి ఎదురొచ్చాడు. తెల్ల చొక్కా, నెరిసిన మీసం, ఇంకా గార్డులాగే నిటారుగా నడిచే మనిషి. ఆమె కూడదీసుకున్న మాటల్లో సగం మర్చిపోయి, మిగతా సగం పిల్లలందరి ముందూ అనేసింది. దేవుడి ముడుపు విప్పమని పిల్లలకి నేర్పడమేనా మీ సేవ అంది. మీకు మా దేవుడంటే లెక్కలేదు కాబట్టి ఇలా జరిగింది అంది. క్వార్టర్లలో ప్రతి ఇంటికీ వెళ్లి చెబుతానంది.

జ్ఞానప్రకాశం ఆమె మాట పూర్తయ్యేదాకా ఆగాడు.

"తప్పు నాదే అమ్మా, పాపది కాదు" అన్నాడు. "పిల్లల్ని పోస్టాఫీసుకి తీసుకెళ్లింది నేను. ఎవరి చేతిలో డబ్బు ఉంటే వాళ్లదే అనుకున్నాను. ఇది ఎవరిదమ్మా అని ఒక్కమాట అడగలేదు."

ఆమె ఏదో అనబోయింది. అతను మళ్లీ అన్నాడు.

"మా అమ్మ ఎస్తేరమ్మ రోజూ ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక గుప్పెడు తీసి వేరే డబ్బాలో వేసేది. అది మా ప్రార్థన గుడికి. మేము పస్తున్న రోజు కూడా ఆ డబ్బా మూత తియ్యలేదు. అలాంటి ఇంట్లో పెరిగి, పిల్లలకి డబ్బు ఎలా పెరుగుతుందో చెప్పాను గానీ, పెంచకూడని డబ్బు ఒకటుంటుందని చెప్పడం మర్చిపోయాను. మీరు ఇంటింటికీ చెబుతానంటే నేను వద్దనను. హైమని మాత్రం కొట్టకండి. ఆ పిల్ల తనకోసం ఒక్క పైసా వెయ్యలేదు. దేవుడి పేరు మీద పుస్తకం రాయమని అడిగింది. ఆయన వచ్చి సంతకం పెట్టాలని కౌంటరులో బెంగాలీ దాదా నవ్వితే, అప్పుడే తన పేరు రాయించుకుంది."

అప్పలనర్సమ్మ తిరిగి వచ్చేసింది. దారిలో కోపం కోసం వెతుక్కుంటే దొరకలేదు. కానీ భయం అలాగే ఉంది. ఆ మనిషి తప్పు ఒప్పుకున్నంత మాత్రాన పోయిన రూపాయలు రావు కదా. మనిషి క్షమిస్తాడు. మరి దేవుడి మాటేమిటి? ఇన్నాళ్లూ ఆమె దేవుణ్ని ఏదీ ప్రశ్నించలేదు. ఆ వేళ మొదటిసారి, సామీ, నీకు కావలసింది ఆ బిళ్ళలా, మరేదైనానా, అని మనసులో అడిగి, అడిగినందుకు తానే లెంపలు వేసుకుంది.

ఇంటికి వచ్చి అత్త పక్కన వాకిట్లో కూర్చుని జరిగిందంతా చెప్పింది. జోగమ్మ చుట్ట ఆర్పి పక్కన పెట్టింది.

"ఓలె కోడలా, ఒక మాట అడుగుతాను సెప్పు. నెలనెలా నా కొడుకు నాకు మనియాడ్రు పంపుతాడు గదా. ఈడ కరగ్‌పూరులో ఏ కాయితాలు కట్టినాడో, ఆ కాయితాలేనేటి పోస్టుమేను నా సేతిలో ఎట్టినాడు?"

"కాదత్తా. అక్కడి కాయితాలు ఇస్తారు."

"ఏ సారా కొట్టోడివో, ఏ పేకాటోడివో. ఇది నా కొడుకు డబ్బు కాదని నానెప్పుడైనా అన్నానా? కళ్లకద్దుకుని బియ్యం కొనుక్కున్నాను. ఇదుగో, తిని బతికున్నాను." ఆమె కోడలి మోకాలి మీద చెయ్యి వేసింది. "తల్లికి ముట్టింది, అప్పన్నకి ముట్టదేటి? ముడి ఇప్పిందెవులు? నీ కడుపున పుట్టిందే. దాని సేతే మళ్లీ ఎయ్యించు."

అప్పలనర్సమ్మ ఆ మాటే తలపోసింది. ఎన్నేళ్లుగానో తన ఇంటి నుంచి ఆ పల్లెకి డబ్బు వెళ్తోంది. జీతం రోజున తానే కొంగులోంచి తీసి ఇస్తోంది. పంపింది ఒకటి, అందింది మరొకటి. అయినా అందులో కొడుకే అందాడు. ఇంత మాట తనకి తోచనే లేదు.

లోపలికి వెళ్లేసరికి హైమ గోడవైపు తిరిగి పడుకుని ఉంది. తల్లి పక్కన కూర్చుని ఆ పిల్ల జడ విప్పి, చిక్కు తీసి, మళ్లీ అల్లింది. రేపు పోస్టాఫీసుకి పోదాం, నువ్వు తల స్నానం సెయ్యాల, అని మాత్రం అంది. హైమ లేచి తల్లి ఒళ్లో మొహం పెట్టుకుంది.

"అప్పన్నకి కోపం వచ్చిందా అమ్మా?"

"నాకొచ్చింది. ఆయనకి రాలేదు" అంది అప్పలనర్సమ్మ. కన్నీళ్లు పిల్ల జడ మీద పడ్డాయి.

మర్నాడు కౌంటరు దగ్గర తల్లి పక్కకి నిలబడి చూసింది. తన కూతురు గాజు అద్దం వెనకున్న పెద్దమనిషితో తడబడకుండా బెంగాలీలో మాట్లాడింది. కాగితం తానే నింపింది. సంతకం చేసింది. నోట్లు కాదు, బిళ్ళలు కావాలని మర్యాదగా అడిగింది. ఇదంతా డబ్బాలకి కట్టిన ఆ దారం దగ్గర నేర్చిందేనని అప్పలనర్సమ్మకి తెలిసింది. తాను ఈ ఊరికి కాపురానికి వచ్చిన కొత్తలో, ఇదే కౌంటరు ముందు నోరు పెగలక మనియార్డరు పంపకుండానే తిరిగి వచ్చిన రోజు గుర్తొచ్చింది.

కొత్త గుడ్డకి హైమే పసుపు రాసింది. నాన్న చెయ్యి తలుచుకో, అని తల్లి చెప్పింది. పిల్ల పెదవులు కదుపుతూ ఒక్కో ముడీ వేసింది.

చందనోత్సవం నాడు సింహాచలం మెట్ల మీద ఇసక వేస్తే రాలనంత జనం. కప్పస్తంభాన్ని కౌగిలించుకుని తవిటయ్య కుడి అరచేయి దానికి ఆనించి నిలబడ్డాడు. జోగమ్మ ఏడాదికి ఒక్కరోజే దొరికే ఆ నిజరూపాన్ని రెండు కళ్లతో తాగింది. హుండీలో ముడుపు వేసింది హైమ. అది లోపల పడిన చప్పుడు విని అప్పలనర్సమ్మ కళ్లు మూసుకుంది.

తర్వాత ఆమె బొడ్లోంచి ఇంకొక ముడి తీసింది. చిన్నది. అది కూడా పసుపు గుడ్డే. దాన్ని రెండు చేతులా పట్టుకుని దేవుడి వైపు చూపించి, మళ్లీ బొడ్లో దోపుకుంది. అదేమిటని హైమ అడిగితే చెప్పలేదు.

ఖరగ్‌పూర్ తిరిగి వచ్చిన మర్నాడు హైమని వెంటబెట్టుకుని మళ్లీ పోస్టాఫీసుకి వెళ్లింది. ఆ చిన్న ముడిలోది, యాత్రలో గాజులకని దాచుకున్న డబ్బు. ముడి విప్పి బిళ్ళలు కౌంటరు మీద పెట్టింది. వాటి అంచులకి పసుపు అంటుకుని ఉంది. లోపలి దాదా వేలికంటిన పసుపు చూసుకుని, మళ్లీ ఠాకూర్ డబ్బేనా, దేవుడిదేనా, అని హైమ వైపు చూసి నవ్వాడు.

హైమ జవాబు చెప్పేలోపే అప్పలనర్సమ్మ ముందుకు జరిగింది. ఆమెకొచ్చిన బెంగాలీ కొంచెమే. ఆ కొంచెమూ ఏరోజూ ఈ అద్దం ముందు పలికింది కాదు.

"నా దాదా. ఆమార్ మేయేర్" అంది.

కాదు దాదా, నా కూతురిది.

హైమ తల్లి కొంగు పట్టుకుంది. ఆ పై ఆదివారం తెలుగు బడి గుమ్మం దాకా ఆ కొంగు వదల్లేదు. అక్కడ జ్ఞానప్రకాశం చేతులు జోడించాడు. అప్పలనర్సమ్మ తానూ జోడించి, కూతుర్ని లోపలికి పంపి, దారం బిగుసుకునేదాకా బయటే నిలబడి చూసింది.