స్థిరలిపి

కాకినాడ మెయిన్ రోడ్డులో ఆ ఉదయం కూడా ప్రతి దుకాణం బోర్డూ త్రివిక్రమ్ చేతిరాతలోనే ఉంది. బస్సుల మీది ఊళ్ల పేర్లు, సినిమా పోస్టర్లు, కొబ్బరిబొండాల బండి మీది ధర సైతం. అలా కనిపించేది వకుళకు మాత్రమే. పక్కన నడిచేవాళ్లకు అవే బోర్డులు ఎవరు కోరుకున్న అక్షరాల్లో వాళ్లకు కనిపిస్తున్నాయి.

లిపిపొర వచ్చి చాలా ఏళ్లయింది. కంటిపాప మీద అతుక్కునే ఆ పలచని పొర లోకంలోని ఏ రాతనైనా మనిషి ఎంచుకున్న స్థిరలిపిలోకి మార్చి చూపిస్తుంది. అక్షరం ఎంత పెద్దదిగా ఉండాలో, ఎంత లావుండాలో, వరుసకూ వరుసకూ ఎంత ఎడం కావాలో ఒక్కసారి అమర్చుకుంటే చాలు. చూపు ఆనని ముసలివాళ్లు మళ్లీ పేపరు చదివారు. అక్షరాలు తారుమారుగా కనిపించి చదువంటే భయపడిన పిల్లలు ధైర్యంగా పరీక్షలు రాశారు. అమరిక కేంద్రంలో పనిచేసే వకుళ అలాంటివాళ్లు ఎందరికో స్థిరలిపి కుదిర్చింది. తనకు మాత్రం భర్త రాతనే పెట్టుకుంది. పెళ్లికి ముందు త్రివిక్రమ్ కాలేజీ నాటకాలకు పోస్టర్లు రాసేవాడు. తలకట్లు విచ్చుకున్న ఆ గుండ్రటి అక్షరాలంటే ఆమెకు ప్రాణం. ముచ్చటపడి అతనికీ అదే అమర్చింది.

సాయంత్రానికి ఆమె కళ్లు ఎర్రబడ్డాయి. కళ్లకలక తగ్గేదాకా పొర పెట్టుకోవద్దన్నారు మందుల షాపులో.

మర్నాడు ఆవకాయ జాడీలకు ఎత్తారు. జాడీ మీద పేరూ సంవత్సరమూ రాసి అంటించడం ఏటా త్రివిక్రమ్ పని. అతను రాసిన చీటీ చేతిలోకి తీసుకుని వకుళ కళ్లు చికిలించింది. మొదటి అక్షరమే చిన్నగా ఉంది. పోనుపోను తగ్గి, చివరిది నలిగిన చీమలా ఉంది.

"ఏంటండీ, ఇలా గెలికేశారు?"

"గెలకడమేంటి? శుభ్రంగా ఉంటేనూ!" త్రివిక్రమ్ చీటీని వెలుగులో పెట్టి చూసుకున్నాడు. పొర ఉన్న అతని కళ్లకు అది నిజంగానే శుభ్రంగా ఉంది.

వకుళ అటక మీంచి పాత జాడీలు దింపింది. నిరుటి జాడీ మీదివీ చిన్న అక్షరాలే. అంతకు ముందు ఏడాదివి కాస్త పెద్దవి. ఆమె జాడీల మధ్య అలాగే చతికిలబడిపోయింది.

నరాల డాక్టరు నఫీసా త్రివిక్రమ్‌ని నడిపించి, వేళ్లు ఆడించమని చూసి, పార్కిన్సన్స్ అని, అందుకే చెయ్యి బిగుసుకుపోతోందని చెప్పింది.

"చెయ్యి బిగుసుకుపోతోందని నాతో ఒక్కమాటైనా అనలేదేం?" అంది వకుళ.

"వయసు మీద పడుతోంది కదా అనుకున్నా," అన్నాడతను.

"ఇదివరకు రాత చిన్నదైపోతోందని ఇంట్లోవాళ్లే తీసుకొచ్చేవారమ్మా," అంది డాక్టరు. "ఇప్పుడు ఎవరి రాతా ఎవరికీ కనబడట్లేదు. అందుకే ఆలస్యంగా వస్తున్నారు. మందులు రాస్తాను. రోజూ పెద్ద పెద్ద అక్షరాలు రాయించండి. పొర తీసేసే రాయాలి. లేకపోతే అవి చిన్నవైపోతున్నట్టు ఆయనకే తెలీదు."

ఇంటికొచ్చాక త్రివిక్రమ్ పొర తియ్యనన్నాడు.

"ఇన్నాళ్లూ బానే కనబడింది కదా. నాకు అలాగే కనబడనీ వకుళా."

"నాకూ అలాగే ఉంటే బావుణ్ననిపిస్తోంది," అంటూ వకుళ ఎదురుగా కూర్చుంది. "కానీ ఇన్నేళ్లూ పక్కనే ఉండి మిమ్మల్ని చూళ్లేదండీ నేను. ఆ పోస్టర్ల కుర్రాణ్ణే చూస్తూ కూచున్నాను."

అతను కళ్లలోని పొరలు తీసి గిన్నెలో వేశాడు. కాగితం ముందుకు లాక్కుని ఆమె పేరు రాశాడు. ళ దగ్గరికి వచ్చేసరికి గీత ముడుచుకుపోయి చుక్కలా మిగిలింది.

"ఇది నా రాతేనా?"

"మీదే. ఈసారి భుజం నుంచి చెయ్యి కదపండి."

పళ్లు బిగించి మళ్లీ మొదలుపెట్టాడు. వ పెద్దగా వచ్చింది. కు ఇంకా పెద్దగా వచ్చింది. ళ సుళ్లు తిరుగుతూ కాగితం దాటి బల్ల మీదికి పోయింది.

"అయ్యో, బల్లకంతా సిరా!" త్రివిక్రమ్ గుడ్డ అందుకోబోయాడు.

వకుళ ఆ గుడ్డ లాగేసుకుంది.

"ఆపకండి," అంది, ఎర్రబడ్డ కళ్లు చేత్తో తుడుచుకుంటూ. "బల్ల పెద్దదే. పూర్తి చెయ్యండి."