ఇథనాల్ కారులో ముంగిస

“మీ బావ మాయమయ్యాడు” అన్నాడు చీఫ్, ఏజెంట్ ముంగిస ఇంకా కుర్చీలో కూర్చోకముందే.

ముంగిస అక్క మొగుడు రక్షణ శాఖలో సంకేతాలు తయారుచేసే మనిషి. సైన్యం వాడే కోడ్ మొత్తం ఆయన బుర్రలోనే ఉంది. విదేశీ ముఠా ఆయన్ని ఎత్తుకుపోయింది. సరిహద్దు దాటాలంటే నది మీద వంతెన ఒక్కటే దారి. దాని నడిమధ్య ఉన్న తెల్లగీత దాటితే ఇక మనవాళ్ళు చెయ్యి వెయ్యడానికి వీల్లేదు. వంతెన గార్డులకు చెబుదామంటే వాళ్ళలో ముఠా మనిషి ఎవరో తెలియదు. అంతా నీ చేతుల్లోనే ఉందని చెప్పి చీఫ్ చేతులు దులుపుకున్నాడు.

గ్యారేజీలో మెకానిక్ కారు తాళాలిస్తూ మరీ మరీ చెప్పాడు. ఇంజన్‌ను నూటికి ఎనభై ఐదు పాళ్ళు ఇథనాల్ కలిపిన ఇంధనానికి ట్యూన్ చేశాననీ, దూకుడుతో పాటు తాగుడూ పెరుగుతుందనీ.

“మామూలు పెట్రోలు మాత్రం పొయ్యకు నాయనా. ఇంజన్ ఊడి చేతికొస్తుంది.”

హోటల్ లాంజ్‌లో పచ్చరాళ్ళ దుద్దుల సుందరి ఎదురుచూస్తోంది. ముఠాలో ఉంటూనే మన శాఖకు కబుర్లు చేరవేసే మనిషి. ముంగిస ఇన్సూరెన్స్ ఏజెంట్ వేషంలో, అంటించిన మీసంతో వెళ్ళాడు.

“గొడుగు తెచ్చారా?”

“వాన వెలిశాక కొంటాను.”

కోడ్ సరిపోయింది. ఆమె కాఫీ తెప్పించింది, నవ్వింది, ముఠా గురించి ఊరూ పేరూ లేని కబుర్లెన్నో చెప్పింది. ఫోన్ చేసుకొస్తానని లేచి వెళ్ళి మళ్ళీ రాలేదు. ఆమె ఎవరి మనిషో అప్పుడు అర్థమైంది మన వీరుడికి. కాఫీలో తడిసిన మీసం పీకి పారేసి కారు దగ్గరికి పరుగెత్తాడు. ఆ కంగారులో ఫ్యూయల్ గేజ్ వంక చూడనే లేదు.

కారు బాణంలా దూసుకుపోయింది. వంతెన పైనున్న కొండ మలుపు దాకానే. అక్కడ రెండుసార్లు ఎక్కిళ్ళు పెట్టి ఆగిపోయింది. ట్యాంకు మూత వేలాడుతోంది. కాఫీ తాగించినంత సేపట్లో గొట్టం పెట్టి ఉన్నదంతా లాగేశారు.

ఎదురుగానే పెట్రోలు బంకు ఉంది. ఉండి మాత్రం ఏం లాభం? అక్కడ దొరికేది మామూలు పెట్రోలే. సాయం అడుగుదామంటే వాచీలోని ట్రాన్స్‌మిటర్‌కు కొండ అడ్డం. బావ కంటే ఇంజన్ ఎక్కువా అనుకుని క్యాన్‌తో పెట్రోలు తెచ్చి పోశాడు. కారు దగ్గింది, నల్లటి పొగ కక్కింది. తెగించి యాక్సిలరేటర్ తొక్కేసరికి లోపల ఏదో విరిగిన చప్పుడుతో చల్లబడింది.

పెన్నులో దాచిన టెలిస్కోప్ కంటికి ఆనించాడు. కింద నల్లకారు వంతెన ఎక్కుతోంది. ముందు సీట్లో పచ్చరాళ్ళ దుద్దులు. బావ డిక్కీలో ఉండుంటాడు. పిస్టల్ గుండు అంత దూరం పోదు. అక్కకు ఏ ముఖం పెట్టుకుని కనిపించాలి? ముంగిసకు నిజంగానే ఏడుపొచ్చింది.

నల్లకారు ఒక కుదుపు ఇచ్చింది. మరొకటి. తెల్లగీతకు కాస్త ఇవతలే ఆగిపోయింది.

ఊరికే దొరికిన పెట్రోలు పారబోయడానికి మనసొప్పక తమ కారులోనే పోసుకున్నానని ముఠా డ్రైవరు తర్వాత ఒప్పుకున్నాడు. అది ఇథనాలని వాడికేం తెలుసు? మామూలు పెట్రోలుకు అలవాటుపడ్డ ఆ ఇంజన్‌కు అది సరిపడలేదు.

ముంగిస సంతోషం ఎంతోసేపు నిలవలేదు. సుందరి కారు దిగి గార్డులను చూసి నవ్వింది. అంతే, నలుగురు గార్డులు చొక్కా చేతులు మడిచి కారును ముందుకు తొయ్యడం మొదలుపెట్టారు. మన గార్డులే!

“తొయ్యకండ్రా!” అని కొండ మీది నుంచి గొంతు చించుకున్నాడు. ఎవరికి వినబడుతుంది?

ముందు చక్రం తెల్లగీత ఎక్కింది. అంతలో ఒక గార్డు ఆగి, డిక్కీకి చెవి ఆనించాడు. ఇంజన్ నడుస్తుంటే వినబడేది కాదు. లోపల ఎవరో కాళ్ళతో తంతున్నారు. డిక్కీ తెరిచారు. నోటికి ప్లాస్టర్‌తో, ఒంటి బూటుతో బావ లేచి కూర్చున్నాడు.

శత్రువు కారులో ఇంధనం మార్చడం అద్భుతమైన ఎత్తుగడ అని చీఫ్ పొగిడాడు. ముంగిస కాదనలేదు.

అక్క ఫోన్ చేసింది.

“ఒరేయ్, మీ బావకి కాళ్ళు నొప్పులట. జాగ్రత్తగా నీ కారులోనే తీసుకురా.”

“బస్సులో వస్తున్నామక్కా” అన్నాడు ముంగిస. “సీటు దొరికితే బావకే ఇస్తాలే.”